గంపలగూడెం వెళ్లాల్సిన కుక్కపిల్ల

తిరువూరు,
24-4-1974, బుధవారం.

బావ రాయప్పగారికి,

మీ బావమరిది శౌరయ్య నమస్కారాలు అందుకోండి. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, మా ఇంటిది అక్కమ్మా కులాసా. గంపలగూడెంలో మీరూ, చెల్లి ప్రేమావతీ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఆదివారం పూజకి వచ్చి మీరు మరిచిపోయిన తువ్వాలు సంగతి కార్డులో అడిగారు. నాకు కనబడలేదు.

ఫాదరుగారి పెద్ద కుక్క పెట్టిన పిల్లల్లో మిగిలిన ఒక్కదాన్నీ మీకిస్తున్నారట. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్లమన్నారు. పెంచింది నేనే కాబట్టి జాగ్రత్తలన్నీ నన్నే రాయమన్నారు. అవును, నేనే పెంచాను. తల్లికి పాలు చాలకపోతే గుడ్డ తడిపి దాని నోట్లో పిండింది నేను. ఇప్పుడు పిల్ల మాత్రం మేష్టారైన మీకు. గుడిలో గంట కొట్టేవాడికి అంత గొప్ప జాతి కుక్క ఎందుకనుకున్నారు కాబోలు. నాకు కడుపు మండిపోతోంది బావా, దాచను.

ఇది గ్రేట్ డేన్ అనే జాతి. ఇప్పుడు ఒళ్లో పడుతోందని మురిసిపోకండి. ఏడాది తిరిగేసరికి దూడంత అవుతుంది. మీ రెండు గదుల ఇంట్లో అది వెనక్కి తిరగాలంటే మీరంతా బయటికి రావాలి. తోక ఊపిందంటే చెల్లి దీపం చిమ్నీ ఒక్కటీ మిగలదు. మాట వినడం ఇప్పుడే నేర్పాలి, పెరిగాక తాడు పట్టుకున్నవాణ్ణే ఈడ్చుకుపోతుంది. మెట్లు ఎక్కనివ్వకూడదు, ఎత్తు మీంచి దూకనివ్వకూడదు. దీనికి ఒళ్లు ముందు పెరుగుతుంది, ఎముకలు తర్వాత గట్టిపడతాయి. మీ ఇంటి అరుగు చాలా ఎత్తు, అది గుర్తుంచుకోండి.

అందరం తిన్నాక మిగిలింది పడేద్దామంటే కుదరదు. ముందు దానికి పెట్టి మనం తినాలి. రోజూ ఎముకలు ఉడకాలి. మొన్న ఈస్టరు ముందు తపస్సు కాలంలో, మాంసం ముట్టకూడని శుక్రవారం పూట మా ఇంట్లోంచి మాంసం వాసన వచ్చిందని పక్కింటి సామ్రాజ్యం పేటంతా చెప్పింది. గుడిలో పనిచేసేవాడే ఉపవాసం తప్పాడన్నారు. అది పిల్ల కోసమని ఫాదరుగారి ముందు నిలబడి చెప్పుకోవాల్సి వచ్చింది. నలుగురికీ బుద్ధులు చెప్పే మేష్టారికి ఈ తలవంపులు అవసరమా?

జబ్బు చేస్తే మన పశువుల డాక్టరు గేదెల మందే ఇస్తాడు. ఎండాకాలం తడి గోనె మీద పడుకోబెట్టాలి. ఇంకో మాట, ఇంత పెద్ద కుక్కలు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో బతకడమే గొప్పట. మీ పిల్లలు దాని మెడ పట్టుకుని పెరుగుతారు, తర్వాత వాళ్లే దాన్ని పూడ్చిపెట్టాలి. ఆ ఏడుపు మీరు చూడగలరా?

ఆలోచించుకోండి. వద్దనుకుంటే ఫాదరుగారికి ఒక కార్డుముక్క రాయండి చాలు. నేనేమీ అనుకోను. పిల్ల ఇక్కడే ఉంటుంది. చెల్లికి నా ఆశీస్సులు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ బావమరిది,
శౌరయ్య.

తా.క. కవరు అంటించబోతే అక్కమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉన్నదున్నట్టు రాయి. లేకపోతే నేనే బస్సెక్కి వెళ్లి చెబుతా" అంది.

ఫాదరుగారు మేష్టారని మిమ్మల్ని ఎంచలేదు. ఆదివారం మీ బస్సు కదిలాక, నేను ఎంత పిలిచినా వినకుండా పిల్ల దాని వెనక పరిగెత్తింది. ఎత్తుకుని తీసుకొస్తుంటే ఫాదరుగారు చూశారు. అది వెళ్లాలనుకున్న చోటికే పంపుదామన్నారు. మీ తువ్వాలు దాని కిందే ఉంది. ఉతుకుదామని లాగబోతే గుర్రుమంది, నా మీద. సోమవారం నుంచి నా చేత్తో ఏం పెట్టినా మొహం తిప్పుకుంటోంది. ఆదివారం దాకా ఆగకండి. ఈ ఉత్తరం అందిన రోజే బస్సెక్కి రండి. ఎత్తుకునేటప్పుడు ముందు కాళ్లు పట్టి లేపకండి బావా, దానికి నొప్పి. కడుపు కింద చెయ్యి వెయ్యాలి.