మీటల్లో లేని మాట

రాజోలు,
14-11-2009.

ప్రియమైన దీనమ్మకు,

ప్రభువు నామమున వందనాలు. ఇక్కడ మన పిల్ల జాయ్, మా అక్కయ్య మార్తమ్మ, నేను ఆయన కృపలో ఉన్నాం. నువ్వూ ఆ కువైట్‌లో అలాగే ఉన్నావని నమ్ముతున్నాను. ఎప్పుడూ రాసే 'క్షేమం' అన్న మాట ఈసారి రాయలేదు. గమనించే ఉంటావు, నీ కంటి నుంచి అలాంటివి తప్పించుకోవు.

నిన్న శుక్రవారం నా ఫోన్ రాలేదు. మేడమ్‌గారింట్లో భోజనాలయ్యాక గిన్నెలు పక్కకి నెట్టి, సెల్లు ఒళ్ళో పెట్టుకుని చూసి ఉంటావు. కరెంటు లేక కాదు, నెట్టు రాక కాదు. కావాలనే చేయలేదు. చిట్టెమ్మగారి అల్లుడు మంగళవారం కువైట్ బయల్దేరుతున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. మధ్యలో ఎంత కోపమొచ్చినా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం బుధవారం అందింది. జాయ్ ఇంటర్ రెండో ఏడు బాగానే చదువుతోంది. పెరట్లో కొబ్బరికాయ దింపించాం, ఈసారి కాయ చిన్నది. అక్కయ్య మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు. ఇవన్నీ తేలిక ప్రశ్నలు. మిగిలినవి అడిగావు చూడు, అక్కడ చిక్కుకుపోయాను. "నాతో పోట్లాడటం ఎందుకు మానేసేరండీ? నేనేం చెప్పినా ఆయ్ అంటారు, లేకపోతే పోయిన వారం చెప్పిందే మళ్ళీ చెబుతారు. మాట మాటకీ ముందు ఆ టిక్కుమనే చప్పుడేంటి? పక్కన ఎవరైనా కూర్చుంటున్నారా? వచ్చెయ్యనా అని అడిగితే ఇంకొన్నాళ్ళు ఓర్చుకోమంటారా?" అని రాశావు. ఆ చివరి ముక్క చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టేసుకున్నాను. జాయ్ అడిగినా చూపించలేదు.

ముందు ఆ టిక్కుమనే చప్పుడు సంగతి చెబుతాను.

జూలైలో మన నెట్ సెంటర్ షాపులో కూర్చుని నేనొక పని నేర్చుకున్నాను. ఫోన్‌లో మాట్లాడే అప్లికేషన్లు తయారు చేసే ప్రోగ్రామ్ ఒకటుంది. బ్యాంకుకి ఫోన్ చేస్తే "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంటుందే ఒకావిడ, అలాంటివన్నమాట. దానికి బొమ్మలుండవు. నల్లటి తెర, దానిమీద మిణుకుమనే గీత, అంతే. మనం ఆజ్ఞ టైపు చేయాలి. ఒక్క చుక్క తప్పితే ఠక్కున కాదంటుంది, ఏం తప్పో మాత్రం చెప్పదు. మా అక్కయ్య పెత్తనంలో నీ మొదటి ఏడాది కాపురం గుర్తొచ్చింది.

ముందు దాన్ని కంప్యూటర్లోకి దింపుకోవాలి. మన లైను సంగతి తెలుసుగా, సగం దిగేసరికి తెగిపోయేది, మళ్ళీ మొదటికి రావాల్సిందే. తర్వాత ఖాతా తెరిస్తే బారెడు పొడుగు రహస్యపు నంబరు ఇచ్చారు, అది సరిగ్గా కొట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ పైన కొత్త అప్లికేషన్ కావాలని టైపు చేస్తే ఖాళీ గూడు లాంటిది కట్టి ఇచ్చింది. అందులో మన మాటలు పెట్టుకోవాలి. ఆఖరున డిప్లాయ్ అని కొడితే, సఖినేటిపల్లి రేవులో సరుకు పంటు పడవ ఎక్కించినట్టు, ఆ గూడంతా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్‌కి ఎక్కుతుంది. అది అక్కడి నుంచి ఏ దేశానికైనా ఫోన్ చేస్తుంది.

మొదటి పరీక్షకి మనింటి నంబరే ఇచ్చాను. మన మాటలు పెట్టడం మర్చిపోయాను, దాంతోపాటు వచ్చిన ఇంగ్లీషావిడే మాట్లాడింది. ఫోన్ ఎత్తింది అక్కయ్య. "ఎవరమ్మా నువ్వు? మా తమ్ముడు షాపులో ఉన్నాడు. వాడి పెళ్ళాం కువైట్లో ఉంది. నీకు ఈ నంబరు ఎవరిచ్చేరు?" అని కడిగేసింది. ఆవిడ చలించకుండా మళ్ళీ హలో అంది. "సిగ్గు లేదంటమ్మా" అని అక్కయ్య ఫోన్ పెట్టేసింది. సాయంత్రం ఆ గొడవ చెబుతుంటే జాయ్ పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను దీనమ్మా. చప్పుడొచ్చేలా నవ్వడం అదే ఆఖరు.

ఇక దాచను. జూన్‌లో నా గొంతు బొంగురుపోతే జలుబన్నాను నీకు. అది జలుబు కాదు. రేవు దాటి నర్సాపురంలో చూపించుకుంటే హైదరాబాద్ పొమ్మన్నారు, అక్కడ క్యాన్సరన్నారు. స్వరపేటిక తీసెయ్యాలి, మాట పోతుంది, ప్రాణం నిలబడుతుందన్నారు. ఆగస్టులో తీసేశారు. మెడ కింద కన్నం ఉంది, ఊపిరి అందులోంచే. షాపుకొచ్చే వాళ్ళకి కాగితం మీద రాసి చూపిస్తున్నాను. ఆదివారం చర్చిలో వాక్యం చదివే పని వేరే వాళ్ళకిచ్చేరు. "మీరు విశ్రాంతి తీసుకోండి ప్రసాదంగారూ" అన్నారు పాస్టరుగారు, మర్యాదగానే. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడ్చినా చప్పుడు రాదని అప్పుడే తెలిసింది.

నీకు చెబితే ఒప్పందం మధ్యలో వదిలేసి వచ్చేస్తావు, పిల్లని నర్సింగులో చేర్పించాలన్న మన ఆశ పోతుంది అనుకున్నాను. అందుకని గొంతు కొద్దో గొప్పో పలుకుతున్నప్పుడే నీతో అనాల్సిన మాటలు రికార్డు చేసి ఆ గూట్లో పెట్టుకున్నాను. తిన్నావా. జాయ్ బాగుంది. ఆయ్. అక్కయ్య ఊరుకుంటుందా. ప్రార్థన చేసుకో. చాలా సంతోషం. ఒక్కో మాటకి కంప్యూటర్లో ఒక్కో మీట. శుక్రవారం నేను ఫోన్ చెవికి పెట్టుకుని నీ మాట వింటూ, తగిన మీట నొక్కుతుంటే అది నీకు పలికేది. రికార్డు చేసినప్పుడు స్విచ్చి చప్పుడు ప్రతి మాట ముందూ పడిపోయింది, ఆ టిక్కు అదే. పక్కన ఎవరూ లేరు. ఎప్పుడైనా జాయ్ కూర్చునేది, నీ గొంతు వినడానికి.

సెప్టెంబరులో కాగిన నూనె చేతిమీద ఒలికిందని ఏడ్చావు, గుర్తుందా? అయ్యో అన్న మాట కోసం వెతికాను. లేదు. చెడ్డ కబురు నీ వైపు నుంచి కూడా రావచ్చని నాకు తట్టనే లేదు. కంగారులో వేలు జారి 'చాలా సంతోషం' వెళ్ళిపోయింది. నువ్వు "సరేనండి" అని పెట్టేశావు. ఉత్తరంలో ఆ సంగతి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు నువ్వు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చెయ్యి ఇప్పుడెలా ఉందో రాయి.

రికార్డు చేస్తున్న రోజు జాయ్ పక్కనే ఉంది. "నాన్నగారూ, వచ్చెయ్ అన్నది కూడా చెప్పండి" అంది. వద్దన్నాను. "ఎందుకండీ, ఒక్క మాటే కదా?" అంది. "అది ఉంటే ఏదో ఒక శుక్రవారం నొక్కేస్తానే" అన్నాను. దాని బదులు ఇంకొన్నాళ్ళు ఓర్చుకో అన్నది పెట్టాను. నువ్వు వచ్చెయ్యనా అని అడిగిన రోజు నా చేతికి దొరికింది అదే. నొక్కాక నీ నిట్టూర్పు వినబడింది.

మొన్న సోమవారం మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాం. మెడ పక్కన గడ్డ తేలింది. డాక్టరుగారు ఈసారి ఆపరేషన్ ఊసెత్తలేదు. జాయ్‌ని బయట కూర్చోబెట్టి, ఎన్నాళ్ళండీ అని రాసి చూపించాను. వేసవి దాకా ఉండొచ్చన్నారు. పిల్లకి ఇంకా చెప్పలేదు. నువ్వు పక్కన లేకుండా ఆ మాట దానికి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆస్పత్రి కాగితాలు దీంతో పెట్టాను. మేడమ్‌గారికి చూపించి పాస్‌పోర్టు అడుగు. ఇవ్వకపోతే చిట్టెమ్మగారి అల్లుడు ఎంబసీకి తోడొస్తానన్నాడు. పిల్ల చదువు గురించి బెంగపడకు, "నాకున్న ముక్క పొలం దానికి కాక ఎవరికిరా" అంది అక్కయ్య.

నువ్వు అడిగినదానికి జవాబు మీటల్లో లేదు కనుక చేత్తో రాస్తున్నాను. వచ్చెయ్యి దీనమ్మా. నాకు భయంగా ఉంది. దిగాక వీధిలోంచే నన్ను పిలవకు. పలకలేదని అక్కడే నిలబడిపోతావు. నేను ఇంట్లోనే ఉంటాను. తిన్నగా లోపలికి వచ్చెయ్యి.

ఇట్లు,
నీ దారి చూసే
నీ భర్త
వరప్రసాదం