ఇంటి కింద డొంక

చీమకుర్తి,
డిసెంబరు 2001

ఏవండీ, సఫూరా సలాములు. అల్లా దయవల్ల ఇక్కడ అత్తమ్మ, పిల్లలు, నేను బాగానే ఉన్నాం. కువైట్‌లో మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను.

మీ ఉత్తరం అందింది. షమీమ్‌కి జ్వరం తగ్గింది. ఇప్పుడు బడికి వెళ్ళనని మారాం. ఆ మొండితనం ఎవరి పోలికో నేను చెప్పను.

మ్యాపులు దొరికాయా, క్వారీవాళ్ళు ఏమన్నారు అని అడిగారు. మన రాతిచేలో నల్లరాయి మంచిదేనట. లారీ వెళ్ళే దారి మ్యాపులో చూపిస్తే లీజు తీసుకుంటామన్నారు. లీజు కుదిరితే మీరు ఆ ఎడారి వదిలి వచ్చేస్తారని నాకు మాత్రం ఆశ లేదా! మొదట దొరికిన మ్యాపు జిరాక్సుకి జిరాక్సు, అందులో గీతేదో మరకేదో తెలియలేదు. ఒంగోలు చుట్టూ తిరగ్గా తిరగ్గా పాత మ్యాపుకి శుభ్రమైన నకలు దొరికింది. రోడ్డు నుంచి రాతిచేను దాకా బండ్లు నడిచే డొంకదారి ఉంది, సరిగ్గా మన ఇంటి మీదుగా.

కొలవడానికి సర్వేయరు ఏసోబు గారిని పిలిచాను. గొలుసు తియ్యకముందే ఆయన మన మిరపచేను చూసి ఆగిపోయాడు.

"చూడమ్మా, చేనంతా నడుమెత్తు పెరిగితే ఈ పట్టీలో మోకాలు కూడా దాటలా. బండ్లు తొక్కీ తొక్కీ నేల రాయైపోయింది. మీ పెద్దోళ్ళు డొంకని చేలో కలిపేసుకున్నారు" అన్నాడు.

ఈ చుట్టుపక్కల అందరూ చేసే పనే కదా, ఏడాదికో చాలు జరిపి డొంకని దున్నేసుకోవడం. మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి దాని మీద ఇల్లే కట్టారు. ఆ గిడసబారిన పట్టీ తిన్నగా అత్తమ్మ గదిలోకి వెళ్తుంది.

పొద్దుగుంకి మగ్రిబ్ నమాజు వేళ అయ్యేసరికి అత్తమ్మ మంచం దిగి గోడకి ఒదిగి నిలబడటం మీకు తెలుసు. "బండ్లొస్తన్నాయి, జరగండే" అని పిల్లల్ని లాగుతుంది. వయసు మీద పడిందని మనం నవ్వుకునేవాళ్ళం. మ్యాపు సంగతి ఆమెకి చెప్పలేదు. ఆ బండ్లు ఎక్కడికి పోతాయత్తమ్మా అని ఊరికే అడిగాను.

"రాతిచేలోకేనే. పోయేయే గానీ తిరిగొచ్చేది ఒక్కటీ లేదు" అంది.

వెళ్ళి మ్యాపు మళ్ళీ తీశాను. మ్యాపులో డొంక చివర, మన రాతిచేలో, శ్మశానం అని రాసి ఉంది. గత్తరకి, అదే కలరాకి, ఒక ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయిన నాటిదని ఏసోబు గారు చెప్పారు.

ఇంక దాచలేను. దారి లేదని చెప్పి క్వారీవాళ్ళని పంపేశాను. కోప్పడకుండా ఎందుకో వినండి. గురువారం మగ్రిబ్ వేళ నేనూ అత్తమ్మ పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇరుసుల కిర్రు వినపడింది. ఎద్దుల గిట్టల చప్పుడు నేల లోపల నుంచి వచ్చింది. బండ్ల వెనక మనుషులు నడుస్తున్నారు. ఎవరూ మాట్లాడలేదు. ఒక్కరు మాత్రం గొంతు సవరించుకున్నారు. ఇన్నేళ్ళు మీతో కాపురం చేశాను, అది ఎవరి గొంతో నాకు తెలియదా?

క్వారీ పోతే పోనీ, ఉన్న మిరపచేనే చేసుకుందాం, వచ్చేయండి. దీనికి జవాబు రాయొద్దు. ఉత్తరం వస్తే, అది రాసినప్పుడు మీరు బాగున్నారనే తెలుస్తుంది. నాకు ఇప్పటి సంగతి కావాలి. బుల్లయ్య ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చెయ్యండి. రోజూ పొద్దున్నే వెళ్ళి అక్కడే కూర్చుంటున్నాను. ఇంకేమీ చెప్పక్కర్లేదు. "సఫూరా" అని ఒక్కసారి పిలవండి, చాలు.

ఇట్లు,
మీరు ఉన్నారనే నమ్ముతున్న
మీ భార్య సఫూరా