బెల్లు మోగితే ఫ్యాను ఆపకండి

ఏమండీ, డ్యూటీకి వెళ్తున్నాను. అప్పు వసూలువాళ్లు వస్తే తలుపు తీసి, ముందు గుర్తింపు కార్డు చూపించమనండి. ఇంటి మీదికొచ్చి కేకలేసే హక్కు, పక్కింటివాళ్లకు చాటే హక్కు వాళ్లకు లేవని ఫిర్యాదుల ఆఫీసులో చెప్పారు. ఫిర్యాదు ఇచ్చేశాను. రసీదు అద్దం వెనక ఉంది, అది చూపించండి చాలు. మీరు వాదనకు దిగితే నోరు జారతారు.

నిన్న బెల్లు మోగగానే ఎప్పటిలాగే ఫ్యాను ఆపేసి, పిల్లదాని నోరు మూసి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం కదా. వచ్చింది మా నాన్న. మీకు చెప్పలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "ఊళ్లో లేరేమోనని మెట్లు దిగిపోయానమ్మా" అన్నాడు. అవును, లేమన్నాను. ఏడుపు కూడా రాలేదు.

ఇంకోటి. నా తాళంచెవి కావాలనే ఇంట్లో వదిలేశాను. సాయంత్రం వచ్చి బెల్లే కొడతాను.