అమ్షీర్ నెలలో పరీక్ష

మగాఘా,
20 ఫిబ్రవరి 1998

చిరంజీవి ఇక్రామ్‌కు,

దేవుడి శాంతి, కరుణ నీమీద, అల్లుడు హాతిమ్ మీద ఉండుగాక. అలెగ్జాండ్రియాలో మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఆనవాయితీ. కానీ జీవితమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి, తప్పు వాక్యం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ముందు మంచి కబురు. మేడమీద పావురాల గూటికి కొత్త తలుపు పెట్టించాను. ఇక పిల్లి బెడద లేదు.

అసలు సంగతేమిటంటే, మీ అమ్మ మతి సరిగా లేదమ్మా. నా కళ్ళద్దాలు బియ్యం డబ్బాలో దొరికాయి. ఎందుకు పెట్టావంటే నేను కాదంటుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరం, మూడోవాడెవడు, జిన్ను భూతమా? పాలు పొయ్యిమీద పొంగి మాడిపోతాయి, అదీ తను కాదట. నేను నమాజుకు బయల్దేరితే వెనకాలే వస్తుంది. ఏమే, ఈ వయసులో నామీద అనుమానమా అని వేళాకోళం చేస్తే, నీ మొహానికి అదొక్కటే తక్కువ అంటుంది. నవ్వుతూనే అంటుంది, కానీ కళ్ళు తుడుచుకుంటుంది. నాకు భయంగా ఉందమ్మా.

చివరికి తనే, నా తలలో ఏదో అవుతోంది, మిన్యాలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, నువ్వు పక్కనే ఉండాలి అని పట్టుబట్టింది. మొన్న వెళ్ళాం. కైరోలో చదివొచ్చిన కుర్రాడు, మర్యాదస్థుడే. మీ అమ్మ ఏదో చెప్పబోతుంటే, తర్వాత చెబుదురుగాని పెద్దమ్మా, ముందు పరీక్ష అన్నాడు. ఇది ఏ నెల అని అడిగాడు. అమ్షీర్, ఈ దుమ్ము గాలి చూసి కూడా అడుగుతావేం బాబూ అంది. పల్లెల్లో సేద్యమంతా ఆ పాత కాప్టిక్ నెలల లెక్కనే కదా, పుట్టిపెరిగిన లెక్క ఎక్కడికి పోతుంది? అతను కాగితం మీద తప్పు కొట్టాడు. నేను నోరు తెరిస్తే, మాష్టారూ, జవాబు అందివ్వకూడదు అన్నాడు. వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నాడు. ఏడేసి కోళ్ళను ఎవరు ఎత్తుకుపోతున్నారు, నక్కా అని అడిగింది. గడియారం బొమ్మ వెయ్యమంటే పెన్సిలు పిడికిట్లో పట్టుకుని, రొట్టె అంత గుండ్రంగా గీసి ఊరుకుంది. రెండో తరగతిలోనే బడి మాన్పించి గేదెల వెనక తోలిన పిల్ల, అంకెలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ కాగితం చూస్తూ కూర్చోలేకపోయాను.

నీ హైస్కూలు పెద్ద పరీక్షల ఏడాది నువ్వు తిండి మానేసి గోళ్ళు కొరుక్కుంటుంటే, చదువుకున్నవాళ్ళకే ఈ బెంగలు, నాకేం, మొద్దులా నిద్రపోతాను అని మీ అమ్మ నిన్ను నవ్వించేది. డాక్టరు దానికి తిరగేసి చెప్పాడు. చదువు అబ్బనివాళ్ళకే వయసు పైబడ్డాక దిగులూ మతిమరుపూ ఎక్కువగా వస్తాయట, చిన్నప్పటి చదువు గాదెలో గింజల్లాంటిదట. చదువుకున్నవాళ్ళు ఎలా చెబుతారో మీ అమ్మ వినాలని అవే ప్రశ్నలు నన్నూ అడిగాడు. లెక్కలు గడగడా చెప్పాను, గడియారం ముళ్ళతో సహా వేశాను. మూడు మాటలు చెప్పి, కాసేపయ్యాక అవేమిటని అడిగాడు. రెండు చెప్పాను. మూడోదాని బదులు ఒక పాత పద్యం అందుకుంటే, అతను చప్పట్లు కొట్టి, మాష్టారూ, మీ బుర్ర ఉక్కు అన్నాడు. మీ అమ్మ మాత్రం సంతోషించలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది.

మందులిచ్చాడు, పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వొద్దన్నాడు. ఆమెను కొన్నాళ్ళు పల్లెలో మీ మామయ్య దగ్గర ఉంచుదామని ఆలోచన. మీ మామయ్య వచ్చే శుక్రవారం బండి తీసుకుని వస్తానన్నాడు. వంటా ఇల్లూ నేనొక్కణ్ణీ చూసుకోగలను. అయినా నీ మాట వినకుండా పంపడానికి మనసొప్పడం లేదు. మందుల షాపు నడిపేదానివి, నీకు తెలుస్తుంది. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

అన్నట్టు, చెప్పడం మరిచాను. పావురాల గూటికి కొత్త తలుపు పెట్టించాను. ఇక పిల్లి బెడద లేదు.

నీ క్షేమం కోరే
నాన్న,
అబ్దుస్సమీ

తా.క. ఇక్రామ్, నేను పక్కింటి విదాద్‌ని. పోస్టులో వెయ్యమని మాష్టారు తనకిచ్చిన ఉత్తరాన్ని మీ అమ్మ నా దగ్గరికి తెచ్చి చదివించుకుంది. ఇక్కణ్ణుంచి ఆమె మాటలు, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

తల్లీ, నా తల బానే ఉంది. నీకు జబ్బు, డాక్టరు దగ్గరికి పదా అంటే ఆయన చస్తే కదలడు. అందుకే నాకు బాలేదని లాక్కెళ్ళా. ఈయన్ని చూడు నాయనా అని చెప్పబోతే ఆ కుర్రాడు నా చేతిలో పెన్సిలు పెట్టాడు. ఆ గీత చూశాక నా మాట ఎవరు నమ్ముతారు? ఈయన పద్యం చదివి గెలిచొచ్చాడు. కళ్ళద్దాలు ఆయనే పెడతాడు, పాలు ఆయనే పెడతాడు. మసీదు నుంచి ఇంటికి రాకుండా రైలు పట్టాల వైపు పోతుంటాడు, అందుకే వెనకాల పోతున్నా. మొన్న వెనక్కి తిరిగి, ఏమ్మా, ఎవరింటికెళ్ళాలి అని అడిగాడే నన్ను. మర్యాదగా అడిగాడు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చా.

శుక్రవారంలోగా రా. నన్ను చూడ్డానికొచ్చానని చెప్పు. ఇది ఆయన చెవిన పడనీకు, తట్టుకోలేడు. జబ్బు నా పేరు మీదే ఉండనీ, మందులు కూడా నేనే మింగుతా. ఆ బండి మాత్రం ఎక్కించనీకు నన్ను.