రెండుంపావు చుట్లు

నాగసాకి,
జూన్ 11, గురువారం

నా తప్పును మీరు దొంగిలించారు. నాకు తెలియకుండా, నా వెనక, పైగా నా పేరు పెట్టి మరీ.

తొకునోగారూ, వానలు మొదలయ్యాయి, మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి అని వాతావరణంతో మొదలుపెట్టడం మన ఉత్తరాల మర్యాద. వానలు మొదలయ్యాయి. మిగతా మర్యాద ఈసారి మీకు లేదు. చదివాక కోపం వస్తే రానివ్వండి. నాకు ఆరు రోజులుగా ఉంది.

పోయిన శుక్రవారం ఫుమియె పెద్దమ్మ టోఫు బండి వెనక టైరు మార్పించుకోవడానికి మన మెకానిక్ షాపుకి వచ్చింది. టైరు పని అయిపోయాక ముందున్న ప్లాస్టిక్ తొడుగు కూడా విప్పాను. ఎవరూ అడగలేదు. నా ఘనకార్యాన్ని ఒకసారి కళ్లారా చూసుకుందామని విప్పాను. పెట్రోలు పాలు సరిచేసే కార్బొరేటర్ మిక్చర్ స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో చూద్దామని, లెక్కపెడుతూ లోపలికి బిగించాను. ఒకటి. ఒకటిన్నర. ఆగిపోయింది.

ఒకటిన్నర! నేను పెట్టింది రెండుంపావు. రెండుంపావు అని ఎర్ర ఇంకుతో రాసి, పైన ‘మెల్లగా పోయేటప్పుడు కుదిపే చిన్న బళ్లకు చినామి పద్ధతి’ అని పేరు పెట్టి, షాపు గోడకు అంటించింది నేను. మీరు దాని కిందే నిలబడి టీ తాగారు. బాగుంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి అన్నారు. అక్షరాలు!

తర్వాత కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం చూశాను. దాన్ని బిగించిన క్లాంపు స్క్రూ తల ఎడమవైపుకి తిరిగి ఉంది. మన షాపులో ఎడమ చేత్తో పనిచేసేది ఎవరో ఈ కొండ మీద కుక్కలకు కూడా తెలుసు.

ఫిబ్రవరిలో ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే నాకు తెలిసింది సగమేనని ఇప్పుడు తెలిసింది.

పెద్దమ్మ బండి నడక వేగంలో ఎక్కిళ్లు పెట్టేది. యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే ముందు గుటక వేసి, తర్వాత ఒక్కసారిగా దూకేది. వేరేవాళ్లకైతే అది చిరాకు, అంతే. ఆమె వెనక డబ్బాలో నీళ్లలో మెత్తటి టోఫు ఉంటుంది. కొండ సందుల్లో ముప్పై ఇళ్ల ముందు ఆగి ఆగి పోవాలి. ఒక్కో దూకుడికి నాలుగు ముక్కల మూలలు విరిగేవి. మూల విరిగిన టోఫు ఆమె ఎవరికీ అమ్మదు. మూడోసారి బండి తోసుకొచ్చినప్పుడు అందరి ముందూ, “మీ షాపులో బాగుచేయించాక హాయిగా ఉందే అమ్మాయ్. కత్తితో పనే లేదు, గరిటెతో పోసేస్తున్నా,” అంది. ఇంకోసారి ఇలాగైతే కొండ మీదికి వెళ్లడమే మానేస్తానంది. పైనున్న ముసలివాళ్లు దిగి రాలేరని ఆమెకీ తెలుసు, మనకీ తెలుసు.

షాపు యజమానిగా హమసాకిగారు నన్ను పిలిచి, “పుస్తకాలు చదివి మెకానిక్ అయిపోదామనుకున్నావా? ఏప్రిల్ నుంచి ఇక్కడ ఇద్దరికి పనుండదు. ఆ బండి నాలుగోసారి వచ్చిందంటే, వెళ్లేదెవరో నేను చెప్పక్కర్లేదు,” అన్నారు. మీరు పక్కనే చైను కడుగుతున్నారు. తల కూడా ఎత్తలేదు. ఆ వారమే, చలికి తట్టుకోలేనంటూ బండి మానేసి బస్సులో రావడం మొదలుపెట్టారు. ముసలితనం, చెవులు కూడా పోయాయేమో అనుకున్నాను.

ఆ రోజు నేను కార్బొరేటర్ మొత్తం విప్పి, సన్న రంధ్రాలన్నీ గాలితో ఊది, స్క్రూ రెండుంపావు చుట్లు తెరిచి పంపాను. బండి తిరిగి రాలేదు. వారానికి పెద్దమ్మ అరడజను టోఫు ముక్కలు పట్టుకొచ్చి, “ఈ పిల్లే కనిపెట్టింది,” అని హమసాకిగారి ముందు నా వీపు తట్టింది. ఆమె నా కళ్లలోకి చూడలేదని ఇప్పుడు గుర్తొస్తోంది. మార్చి నెలాఖరుకి మీరు మోకాళ్లు వంగట్లేదని చెప్పి, మీ చెల్లెలి దీవికి ఓడెక్కారు. నేను మీ బెంచీ తీసుకున్నాను. మీ స్టూలు కూడా.

శనివారం పొద్దున్నే పెద్దమ్మ ఇంటికెళ్లి అడిగాను. ఆమె చేతులు తుడుచుకుని, “వాడు చెప్పొద్దన్నాడే. చెప్పొద్దన్నాడని నాలుగు నెలలు నోరు కట్టుకున్నా. నువ్వే వచ్చి అడిగావు గనక ఇక నా పాపం లేదు. కూర్చో, సోయాపిప్పి కూర తింటావా?” అంది.

తిన్నాను. తింటూ విన్నాను.

మీరు ఒక్క పనిముట్టు కూడా లేకుండా వెళ్లారట. మధ్యాహ్నం భోజనం వేళ మూడు రోజులు ఆమె గడప మీద కూర్చున్నారట. బండిని ముట్టుకోలేదట. “పనీపాటా లేదా ముసలోడా, ఈ వయసులో నాకేమైనా సంబంధం తెచ్చావా అని అడిగా. నవ్వను కూడా లేదు,” అంది. మూడో రోజు ఆమె ఊరు తిరిగొచ్చి, గిన్నెలు, గుడ్డలు, పీటలు, నేల అన్నీ మరిగే నీళ్లతో కడిగి, చివరి బకెట్టు బండి మీద ఎత్తితే మీరు లేచి చెయ్యి పట్టుకున్నారట.

“ఈ స్నానం దీనికి ఎన్నాళ్ల నుంచి?” అన్నారట మీరు.

“కొన్నప్పట్నుంచీ. టోఫు మోసే బండి, మురిగ్గా ఉంటుందా?” అందట ఆమె.

అంతే. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోనూ లేదు. కూరగాయలవాడు బండికి మరిగే నీళ్లు పొయ్యడు, చేపలవాడు పొయ్యడు. టోఫు ఇంట్లో మరిగే నీళ్లు తగలనిది మనిషి ఒళ్లొక్కటే. ఆ వేడికి ఆ రబ్బరు గొట్టం చెక్కలా బిగిసి, వెంట్రుకంత చీలింది. మెల్లగా పోయేటప్పుడు ఆ చీలికలోంచి గాలి చొరబడేది, పెట్రోలు చాలేది కాదు, బండి గుటక వేసేది. నేనేమో స్క్రూ పావు చుట్టు తెరిచి పెట్రోలు పెంచేదాన్ని. ఒక పూట బాగుండేది. మళ్లీ స్నానం, చీలిక ఇంకొంచెం. మళ్లీ నేను, ఇంకో పావు చుట్టు. రెండుంపావు అంటే ఏమిటో ఇప్పుడు అర్థమైంది. నేను దారి తప్పి ఎంత దూరం వెళ్లానో దాని కొలత.

మర్నాడు మీరు రబ్బరు మార్చి, స్క్రూ ఒకటిన్నరకి తెచ్చి, ఒక టోఫు ముక్కని మూతలేని పళ్లెంలో పెట్టి వెనక కట్టి, గుడి మెట్ల దాకా వాలు ఎక్కి దిగారట. ఏ మూలా విరగలేదట. “నా మొగుడు పెళ్లి రోజున కూడా నన్నంత మెత్తగా తీసుకెళ్లలేదే,” అంది పెద్దమ్మ. ఇప్పుడు బండికి చన్నీళ్లే పోస్తోంది, మీ మాట మీద. ముఖం చిట్లించుకునే పోస్తోంది.

మూడు రోజులు ఉత్త చేతులతో కూర్చోవడం నా వల్ల కాదు. చేతిలో స్పానర్ లేకపోతే నేనెవరో నాకే తెలీదు. మీరు కూర్చున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి షాపుకి ఏ బండి వచ్చినా, విప్పే ముందు అది రోజంతా ఏం చేస్తుందో అడుగుతున్నాను. జనం నన్ను వింతగా చూస్తున్నారు. చూడనివ్వండి.

కానీ కోపం తగ్గలేదు. తప్పు నాది. తప్పు చేసినవాళ్లకి దాన్ని చూసే హక్కుంది. చీలిన ఆ రబ్బరు నా చేతిలో పెట్టి, చూడవే గాడిదా అని ఒక్క మాట అంటే సరిపోయేది. మీరు అనలేదు. నేను మీ స్టూలు మీద కూర్చుని ఇంకో రెండు బళ్లకి రెండుంపావు పెట్టాను. వాళ్లు మర్యాదస్తులు, గొడవ చెయ్యలేదు. వేరే షాపుకి పోయారు.

సోమవారం హమసాకిగారికి అంతా చెప్పేశాను. ఆయన టీ కప్పు పక్కన పెట్టి, “అయితే ఇక్కడ ఉండాల్సింది నువ్వా, ఆయనా?” అన్నారు. ఆయనే అన్నాను. “ఆ మాట నువ్వే రాయి. వస్తే ఆయన, రాకపోతే నువ్వు. ఇద్దరికి మాత్రం పనిలేదు,” అన్నారు. అందుకే రాస్తున్నాను. గోడ మీది కాగితం చించలేదు. రెండుంపావు కొట్టేసి, ఒకటిన్నర రాసి, చినామి తీసేసి, తొకునో అని రాశాను. అక్షరాలు ఈసారి గుండ్రంగా లేవు.

మీ బెంచీ ఖాళీగా ఉంది. నేను నేల మీద అట్టముక్క వేసుకుని పనిచేస్తున్నాను.

మీ స్టూలు మీద ఇక కూర్చోని,
చినామి

తా.క. ఇంకొకటి ఉంది. రాయకూడదనుకున్నాను.

ఆ రబ్బరు ఎక్కడ కొన్నారో తెలుసుకుందామని సామాన్ల కొట్టుకి ఫోన్ చేశాను. ఆ మోడల్‌కి రబ్బరు రావడం మానేసి తొమ్మిదేళ్లయిందన్నారు. అప్పుడు షాపు వెనక్కి వెళ్లి, మీరు వదిలి వెళ్లిన బండి మీద కప్పిన పట్టా తీశాను. అదే మోడల్. కార్బొరేటర్ పక్కకి వేలాడుతోంది. రబ్బరు లేదు. ఇంజన్ నోట్లో దుమ్ము పోకుండా ఉతికిన గుడ్డ కుక్కి ఉంది. బస్సు ఎందుకెక్కారో, చలి కథ ఏమిటో, ఆ గుడ్డ పట్టుకుని అక్కడే నిలబడి అర్థం చేసుకున్నాను. తర్వాత మిమ్మల్ని గట్టిగా తిట్టాను. పక్కింటావిడ కిటికీ మూసుకుంది.

పాత సామాన్ల వాళ్లకి వరసగా ఫోన్లు చేసి పక్క ఊరు ఇసహయాలో ఒకటి పట్టుకున్నాను. మీ బండికి వేశాను. స్క్రూ ఒకటిన్నర. క్లాంపు తల ఎడమవైపుకే పెట్టాను, కుడిచేత్తో చచ్చేంత కష్టమైంది. పళ్లెంలో టోఫు పెట్టి గుడి మెట్ల దాకా ఎక్కాను. మొదటిసారి రెండు మూలలు విరిగాయి. అది బండి తప్పు కాదు, నా చెయ్యి. నిన్న ఒకటి. ఈ రోజు పొద్దున ఏదీ విరగలేదు.

ఇరవై మూడో తేదీలోగా నాకు జవాబు అందాలి. వస్తానని రాయండి, ఇంకేమీ రాయక్కర్లేదు. ఇరవై ఐదు, గురువారం, మీ దీవి నుంచి పొద్దున వచ్చే ఓడ దగ్గర మీ బండితో నిలబడతాను. వెనక పళ్లెంలో టోఫు ఉంటుంది. కొండ మీదికి మీరే నడపాలి. వానల ఉక్కపోత, టోఫు మధ్యాహ్నం దాకా ఆగదు.