పెరిగే పిల్లకి కుట్టిన టీషర్టు

అత్తకి పిచ్చుక నమస్కారాలు.

ముందు మిషను ఆపు, శుభవార్త. మా బేకరీ పాటల బృందంలో ఈసారి మొదటి పాట నాది. ఇన్నాళ్ళూ వెనక వరసలో పెదాలు కదిపినదాన్ని, వచ్చే నెల వార్షికోత్సవంలో ముందుకొచ్చి ఒక్కదాన్నే పాడతాను. పిండి కలుపుతున్నా అదే పాట, ట్రేలు తోముతున్నా అదే పాట.

చిక్కంతా టీషర్టుతోనే. బృందమంతా ఒకేలాంటి పసుప్పచ్చ టీషర్టు వేసుకోవాలి, అది తప్పదు. దాన్ని కుట్టిందెవరో గాని మనిషిని చూసి కుట్టలేదు, బీరువాని చూసి కుట్టారు. భుజం మోచేతి దాకా జారుతుంది. పోయినేడు ఫొటోలో నేనెక్కడున్నానో అమ్మే కనుక్కోలేకపోయింది. ఈసారైనా నేను నాలా కనపడాలి. నడుం దగ్గర పట్టి, భుజాలు లోపలికి తెచ్చి, ఒంటికి అతికినట్టు చేసి పంపవూ.

ఇట్లు,
నీ ముద్దుల మేనకోడలు

తా.క.: ఆ దర్జీ ఎవరో కనిపిస్తే నాలుగు కడిగేద్దామని ఉంది.

*

పిచ్చుకకి అత్త ముద్దులు.

నీ ఉత్తరం షాపులో అందరికీ చదివి వినిపించాను. స్కూలు యూనిఫారాలకి కొలతలివ్వడానికి వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కాళ్ళు నేలమీద నిలవడం లేదు.

టీషర్టు అందింది. కొత్త బట్టల ప్యాకింగులో గుచ్చినట్టు ఎక్కడ చూసినా గుండుసూదులు, పైగా సుద్ద మరకలు. సూదులన్నీ పీకేసి, ఉతికి, ఇస్త్రీ చేశాను. కానీ ఎక్కడెంత పట్టాలో నువ్వు చెప్పనేలేదు. గుర్తులు పెట్టి మళ్ళీ పంపు.

కుట్టు మాత్రం చాలా గట్టిగా ఉంది. కుట్టినవాళ్ళని ఏమీ అనకు.

ఉంటాను,
అత్త

తా.క.: గుండుసూదులు మంచివి. నేనే ఉంచుకున్నాను.

*

అత్తకి నమస్కారం, కాస్త కోపం కూడా.

నువ్వు పీకినవే నా గుర్తులు. టీషర్టు తిరగేసి వేసుకుని, అద్దం ముందు వంకర్లు తిరుగుతూ పూటంతా గుచ్చాను. సగం టీషర్టుకి, సగం నాకు. ఇక సూదులొద్దు. నా నీలం టాపు కూడా పంపుతున్నాను. అదంటే నాకు ప్రాణం. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒకే కొలతకి తెచ్చెయ్. నీకు నేను చెప్పాలా.

నీ
పిచ్చుక

తా.క.: గోనెసంచి కుట్టు కూడా గట్టిగానే ఉంటుంది అత్తా.

*

పిచ్చుకకి అత్త దీవెనలు.

చెప్పినట్టే చేశాను. నీలం టాపు చూస్తే ప్రాణం ఉసూరుమంది. అందులో నీకు ఊపిరెలా ఆడుతోంది తల్లీ? రెండు పక్కలా కుట్లు విప్పి, యూనిఫారం గళ్ళ గుడ్డ అతికించి వెడల్పు చేశాను. ఇప్పుడు అచ్చం టీషర్టంత ఉంది. ఇన్నేళ్ళుగా పిల్లలకి కుడుతున్నదాన్ని, ఒంటికి పట్టేలా కుడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఏడాది తిరక్కుండా పొట్టయిపోతుంది. పెరిగే పిల్లవి, కాస్త చోటుండాలి.

నీ మంచి కోరే
అత్త

తా.క.: చంకల కింద గళ్ళు కనిపిస్తాయి. అది వేసుకుని పాడేటప్పుడు చెయ్యెత్తకు.

*

అత్తా,

నాకు ఇరవయ్యారేళ్ళు. ఇంకెటు పెరగాలి?

పార్సెల్ విప్పి నేలమీద కూలబడ్డాను. కార్యక్రమం తెల్లారితే. కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని, సెలవుల్లో నీ మిషను పక్కన కూర్చుని చూసినదంతా గుర్తు తెచ్చుకున్నాను. టీషర్టు తిరగేసి పరిచి, దానిమీద నాకు సరిపోయే బనీను పెట్టి, చుట్టూ వేలెడు వదిలి గీత గీశాను. ముందు చేత్తో వదులు కుట్లు వేసుకుని, తొడుక్కుని చూశాకే కత్తెర పట్టాను. గుడ్డ సాగేది కదా, పక్కింటివాళ్ళ మిషను మీద జిగ్‌జాగ్ కుట్టు వేశాను. అంచు విప్పితే లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి ఉంది, ఎవరి కోసం దాచారో.

అత్తా, చెయ్యెత్తి పాడాను. పాట అయ్యాక హాలు హాలంతా లేచి నిలబడింది. ఫొటో పంపుతున్నాను, అమ్మ ఈసారి నన్ను చూడగానే గుర్తుపట్టింది. ఇప్పుడు బృందంలో అందరికీ నాలాంటిదే కావాలట. మా అత్తే నేర్పిందని చెప్పాను. ఆ పని నీకే ఇస్తున్నారు.

సంతోషం పట్టలేని
పిచ్చుక

తా.క.: మా బృందం పెద్దావిడ ఆ పాత దర్జీని మాన్పించేసింది. నాకు జాలి కలగలేదు.

*

పిచ్చుకకి,

ఫొటో షాపు గోడకి తగిలించాను. వచ్చినవాళ్ళెవరినీ చూపించకుండా వదలడం లేదు. నడుం దగ్గర పట్టు నాకంటే బాగా వేశావు. ఆనందంతో ఒక నిక్కరుకి మూడు కాళ్ళు కుట్టాను.

ఇక ఆ అంచు సంగతి. నాలుగు వేళ్ళ గుడ్డ లోపల మడిచేది మా బజారులో ఒక్కరే. ఆ పసుప్పచ్చ టీషర్టుల పని ఎవరో మధ్యవర్తి తెచ్చిచ్చాడు. ఎవరికో చెప్పలేదు, స్కూలు పిల్లలకే అనుకుని కుట్టాను. మొదటి పార్సెల్ విప్పగానే నా మడత నేను గుర్తుపట్టాను. సూదులు నిజంగా తెలియకే పీకాను. నీలం టాపు మాత్రం రోషం కొద్దీ వెడల్పు చేశాను. దాన్ని తీసుకురా, మళ్ళీ నీ కొలతకి తెస్తాను.

మీవాళ్ళ కొలతలు పట్టుకుని నువ్వే రా. ఈసారి నా మిషను పక్కన స్టూలు మీద నేను కూర్చుంటాను, నువ్వు చూపించు.

నీ కోసం ఎదురుచూసే
అత్త

తా.క.: ఆ పాత దర్జీకి పని పోయినందుకు బాధేమీ లేదు, ఆ పని మళ్ళీ తనకే వచ్చింది. నాలుగు కడిగేస్తానన్నావుగా, వచ్చినప్పుడు కడుగు. షాపులోనే ఉంటుంది.