వెనక్కి లాక్కున్న చెయ్యి

బతంగాస్,
మే 6

హసింతా పెద్దమ్మకు, నీ మరివెల్ గుండెలు బాదుకుంటూ రాయునది.

పండగ రోజు చర్చి గుమ్మంలో, ఊరంతా చూస్తుండగా, నన్ను చేసుకోబోయే క్రిసాంటో నీ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకోబోతే చటుక్కున లాక్కుని వీపు వెనక దాచేస్తావా! పెద్దవాళ్లు చెయ్యివ్వలేదంటే దీవించలేదనే కదా! "మావాడిలో ఏం లోపం కనిపించిందమ్మా మీ పంతులమ్మకి?" అంటోంది వాళ్లమ్మ సెబియా. పెంచినదాని దీవెన లేకపోతే పెళ్లే వద్దంటోంది. ఇంకా మూడు వారాలే ఉంది. ఏం చెప్పను?

ఇట్లు,
పరువు పోయిన మరివెల్

తా.క.: విందులో చెంచా పిడికిట్లో బిగించి చంటిపిల్లలా నూడుల్స్ తిన్నావట. అదీ ఆవిడే చూసింది.

*

టింగ్లోయ్ దీవి,
మే 10

చిరంజీవి మరివెల్‌కు పెద్దమ్మ దీవించి రాయునది.

ఓసి పిచ్చిదానా! ఆ అబ్బాయి బంగారం. ఆ పూట ఎండుచేపలు సర్ది వచ్చాను. ఆ కంపు చెయ్యి అంత శుభ్రమైన నుదుటికి ఎలా ఆనించను? వాళ్లమ్మకి ఈ ఉత్తరమే చూపించు.

ఇట్లు,
హసింత

తా.క.: నా చెంచా సంగతి ఆవిడకెందుకట?

*

బతంగాస్,
మే 14

పెద్దమ్మా, కొంప ముంచావు!

చూపించాను. వాళ్లది మూడు తరాలుగా ఎండుచేపల వ్యాపారం! "మేం తినే అన్నం కంపు కొట్టిందా ఆవిడకి?" అని మంచమెక్కింది. అంతలోనే లేచి, పడవెక్కి వచ్చి నీ సంగతేదో తేలుస్తానంటోంది. నాకు బట్టల కొట్లో సెలవివ్వరు. నిజం చెప్పు పెద్దమ్మా.

ఇట్లు,
పెళ్లి ఆగిపోయేలా ఉన్న మరివెల్

తా.క.: ఆవిడా నాకెప్పుడూ చెయ్యివ్వలేదు. చేపల ఉప్పు పడదంటూ చేతులకి ఎప్పుడూ గుడ్డ చుట్టుకునే ఉంటుంది. నేను మొదటినుంచీ నచ్చలేదన్నమాట.

ఇంకో తా.క.: ఊరందరిచేతా గుండ్రంగా అక్షరాలు దిద్దించినదానివి, నీ రాతేమిటి కోడి కెలికినట్టుంది?

*

టింగ్లోయ్ దీవి,
మే 18

చిరంజీవి మరివెల్‌కు,

నీ రెండో తా.క. చదివి ఏడ్చాను. నాలుగేళ్లుగా నా వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా వాచిపోయాయే. పొద్దున్నే గౌను బొత్తాలు పెట్టుకోవడానికి అరగంట పడుతుంది. సుద్దముక్క పట్టలేకే బడి మానేశాను, నీకు మాత్రం విసుగొచ్చిందని చెప్పాను. చర్చి దగ్గర నేను చదువు చెప్పిన వాళ్లంతా వరసగా వచ్చి ఈ చెయ్యి నొక్కుతుంటే ప్రాణం పోతుంది. పండగ రోజు క్రిసాంటో నలభయ్యోవాడు. అక్షరాలు దిద్దించిన వేళ్లు ఇలా వంకర్లు పోయాయని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

నిన్న సెబియా కొడుకుని వెంటబెట్టుకుని దిగింది. గుమ్మంలోనే "ఏదీ, చూపించు ఆ కంపు చెయ్యి!" అని పట్టి లాగింది. నేను కెవ్వుమన్నాను. తనూ కెవ్వుమంది! గుడ్డ జారిపోయింది. చూద్దును కదా, అవీ అచ్చం నా వేళ్లే! కాబోయే కోడలి ముందు చేతకానిదాన్నవుతానని దాచుకుందట. సాయంత్రం దాకా ఒకే బేసిన్లో గోరువెచ్చని నీళ్లలో నాలుగు చేతులూ పెట్టుకుని, మా నొప్పులను తిట్టుకుంటూ కూర్చున్నాం. నాలుగేళ్లలో అంత హాయిగా ఎప్పుడూ లేను.

పెళ్లి ఆగదు. మేమిద్దరం మోచేతులిస్తాం, నుదురు వాటికే ఆనించండి.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: మరివెల్, ఈ ఉత్తరం రాసింది నేను, క్రిసాంటోని. అక్షరాలు గుండ్రంగా లేవని మీ పెద్దమ్మ నాలుగుసార్లు తిరగరాయించారు. నా వేళ్లూ పట్టేశాయి, ఉంగరం కాస్త మెల్లగా తొడుగు.